మాటల మేడం అడిగిన ఒక్క పని

మాటల మేడం చనిపోయిన సంగతి రెండు నెలల కింద మిరప చేన్లో ఉండగా తెలిసింది. అంగన్‌వాడీ ఆయమ్మ మా కోడలికి ఫోన్ చేసింది. కామెర్లు ముదిరాయట. దవాఖానలో నాలుగు రోజులు కూడా లేదట. కోడలు ఫోన్ కొంగున చుట్టుకుని, కాయలు తెంపడం ఆపకుండానే నాకు చెప్పింది. కూలికి పోయిన చోట ఆపడానికి ఉండదు.

ఆమెను మా తండాలో ఎవరూ పేరుతో పిలవలేదు. మాట రాని పిల్లలకు మాట నేర్పే పని కాబట్టి మాటల మేడం అనేవాళ్లం. పుట్టింది మొగుళ్లపల్లిలో, ఉండేది జనగామలో. ప్రతి గురువారం బస్సులో పెద్దవంగర దాకా వచ్చి, ఏ ఆటో దొరికితే ఆ ఆటోలో తండాకు చేరేది. నేను రాసేవాణ్ణి కాను. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. నలుగురిలో నోరు తెరవాలంటే ఈ వయసులో కూడా చెమటలు పడతాయి. నోటితో చెప్పవలసిన రోజున చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నా మనవరాలికి ఇప్పుడు ఆరేళ్లు. నాలుగేళ్లు నిండినా అది అమ్మను పిలవలేదు. చెవులు బాగానే ఉన్నాయని మహబూబాబాద్ దవాఖానలో చెప్పారు. మేం ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, బయట తెలుగు. బడి సారు ఒకాయన నా కొడుకుతో, "రెండు భాషలైతే పిల్ల ఆగమైతది. ఇంట్ల తెలుగే మాట్లాడుండ్రి" అన్నాడు. చదువుకున్న మనిషి చెప్పాడని నమ్మాం. కొడుకు ఆటో నడుపుతాడు, వాడికి తెలుగుతో ఇబ్బంది లేదు. నాకూ కోడలికీ బజారులో బేరమాడే తెలుగు వచ్చు. పసిపిల్లను ముద్దు చేసే తెలుగు రాదు. దాంతో ఆమె అన్నం పెట్టి ఊరుకునేది, నేను ఎత్తుకుని ఊరుకునేవాణ్ణి. ఏడాది పాటు మా ఇల్లు అట్లా గడిచింది.

మహబూబాబాద్ దవాఖాన వాళ్లు పంపితే వచ్చిన మేడం, మొదటి రోజు చాప మీద బొమ్మల కార్డులు పరిచింది. రైలు, గొడుగు, ద్రాక్షపండ్లు. పిల్ల ఒక్కదాని వైపూ చూడలేదు. కాసేపయ్యాక మేడం కార్డులు సంచిలో పెట్టేసి మమ్మల్ని చూసింది.

"ఇంట్ల ఎవ్వరు మాట్లాడరా ఏంది?"

"రెండు భాషలైతే పిల్ల ఆగమైతదన్నరు మేడం," అంది కోడలు.

"ఆగమైంది పిల్ల గాదు చెల్లె, మీరు. మీ అమ్మ నిన్ను ఏ భాషల ముద్దు జేసింది?"

"మా భాషలనే," అంది కోడలు.

"గదే భాషల మాట్లాడు. పిల్లకు రెండు భాషలకు జాగ ఉన్నది. తెలుగు ఎనుక వస్తది, నేను జూస్త. ముందుగాల్ల మాటంటూ రావాలె గదా."

ఆ రాత్రి నా కోడలు బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని చాలాసేపు మా భాషలో ఏవేవో చెప్పింది. పిల్ల ఆమె గడ్డం పట్టుకుని విన్నది.

మరుసటి వారం నుంచి మేడం పాఠం పొయ్యి దగ్గరే. మా ఇంట్లో జొన్నరొట్టెను బాటి అంటాం. రొట్టె ముక్క చూపించి, దాని పేరు ఒక్కసారి చెప్పి, పిల్ల ఏదో ఒక చప్పుడు చేసేదాకా ఆగాలి. కోడలు ఆగలేకపోయేది. బిడ్డ చెయ్యి చాపగానే పెట్టేసేది. మేడం కూడా మా భాష నేర్చుకుని మాట్లాడబోయేది. పక్కింటి ఆడవాళ్లు వినడానికే వచ్చేవాళ్లు.

"మేడం, నువ్వు మాట్లాడితే మా మేకలు గూడ నవ్వుతున్నయ్."

"నవ్వనియ్ అవ్వా. నేనే గిన్ని తప్పులు మాట్లాడంగ ఇగ పిల్లకేం భయం?"

ఒకరోజు గడప దగ్గర కూర్చున్న నన్ను పిలిచింది. "తాతా, నువ్వు రా."

"నాకు మాటలు రావమ్మా."

"గందుకే రమ్మంటున్న. మాట్లాడేటోళ్లు ఆగరు, పిల్లకు సందు దొరకది. నీకు ఊకుండుడు వస్తది. గది నేర్పితే వచ్చేది గాదు."

అందరూ నవ్వారు. నా భార్య బతికున్నన్నాళ్లూ గోడను కట్టుకున్నానని తిట్టేది. నా మౌనం ఒకరికి పనికొస్తుందని చెప్పిన మనిషి మేడం ఒక్కతే.

రొట్టె ముక్క పట్టుకుని, పేరు చెప్పి, ఆగేవాణ్ణి. చాలా గురువారాలు ఏమీ జరగలేదు. ఒకరోజు పిల్ల నా నోరు చూస్తూ "బా" అంది. నేను అరిచి బెదరగొడతానేమోనని మేడం నా చెయ్యి పట్టుకుంది. అరిచింది మాత్రం ఆమే. కొన్నాళ్లకు పిల్ల తల్లిని పిలిచింది. ఆ తర్వాత నన్ను, దాదా అని.

ఆఖరిసారి వచ్చినప్పుడు మేడం కళ్లు పచ్చగా ఉన్నాయి. నిద్ర లేక అనుకున్నాం. పోతూ పోతూ ఆటో దగ్గర నాతో అంది: "బడిల మళ్ల గదే చెప్తరు తాతా, ఇంట్ల మీ భాష బంద్ జెయ్యమని. నేనుంటే నేను చెప్త. లేకుంటే నువ్వు లేచి చెప్పాలె. పిల్లకు మాటొచ్చిందే మా భాషల అని. గంతే, ఒక్క ముచ్చట."

నేను తల ఊపాను.

ఆమె పోయిన రెండు వారాలకు బడిలో మీటింగ్ పెట్టారు. సారు మళ్లీ అదే చెప్పాడు. నా కొడుకు సరేనన్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను. చిన్నప్పుడు క్లాసులో లంబాడీ మాట దొర్లినందుకు బెత్తం దెబ్బలు తిన్నవాడు వాడు. సారు నా వైపు తిరిగి, "ఏమంటవ్ పెద్దమనిషీ?" అని అడిగాడు కూడా. అంతా చూశారు. చెప్పవలసింది ఒక్క ముచ్చట. మేడమ్‌కు ఎట్లా ఊపానో, ఆయనకూ అట్లాగే తల ఊపి కూర్చున్నాను.

మేడం జాగాలో ఎవరూ రాలేదు. కొడుకు మహబూబాబాద్ దవాఖానకు వెళ్లి అడిగితే, ఎప్పుడు వస్తారో తెలియదన్నారు. ఇంట్లో ఇప్పుడు తెలుగే. పిల్ల కొన్నాళ్లు మా ముఖాలు మార్చి మార్చి చూసింది. వచ్చిన మాటలు ఒక్కొక్కటే మానేసింది. ఇప్పుడు తల్లి కావాలంటే కొంగు లాగుతుంది.

మొన్న కాలం కాని కాలంలో వడగళ్ల వాన పడింది. వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీద పట్టా కప్పడానికి కొడుకూ కోడలూ పరుగెత్తారు. పిల్ల ఒక వడగల్లు ఏరుకుని చూరు కింద ఉన్న నా దగ్గరకు వచ్చింది. అది ఎన్నడూ చూడని వస్తువు. అరచెయ్యి నా ముఖం దగ్గర పెట్టి నా నోటి వైపు చూసింది.

మా భాషలో దానికి పేరుంది. నాలుక మీదే ఉంది.

"తెలుగుల చెప్పు బాపూ," అన్నాడు కొడుకు, పట్టా గుంజుతూ.

నా నోట ఆ పేరూ రాలేదు, ఈ పేరూ రాలేదు. పిల్ల ఆగింది. చాలాసేపు ఆగింది. చేతిలోది కరిగి వేళ్ల సందుల్లోంచి కారిపోయాక, ఖాళీ చెయ్యి గౌనుకు తుడుచుకుని లోపలికి పోయింది.