తాళం, మేకు, బాబాయి వేళ్లు

బండ్ల స్టార్టర్ మోటార్లు బాగుచేసే మా బాబాయిని వీధిలో అందరూ బుష్షుల డాక్టరంటారు. ఈమధ్య చూపు మందగించి, సుత్తి వేలి మీద వేసుకున్నాడు. పిన్నికి గుండె జారిపోయింది.

"ఒరేయ్, నీ వ్యాను మోటారే మీ బాబాయికి ఆఖరి పరీక్ష. ఇందులో తేడా వచ్చిందో, కొట్టుకి తాళమే!" అని ఆయన వినేలా నాతో చెప్పి, తాళం కప్ప పట్టుకుని గుమ్మంలో వీధివైపు తిరిగి కూర్చుంది.

నాకసలే ముక్కు మీద కోపం. కీ తిప్పితే కటకటమని మొరాయించే మోటారుకి ఇదివరకే ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు, ఇంకొకడు వైర్లు మార్చాడు. బాబాయి మోటారు ఇరుసుని రెండు వేళ్లతో కదిపాడు.

"బ్యాటరీ ఏం పాపం చేసిందిరా? ఇరుసుని పట్టి ఉంచే కంచు బుష్షు అరిగిపోయింది. ఇరుసు వాలిపోయి లోపల రాసుకుంటోంది."

ఆ బుష్షు అడుగు మూసుకుపోయిన గుంటలో బిగుసుకుని ఉంది. వెనకనుంచి కొట్టే దారే లేదు. బాబాయి బుష్షు కన్నంలోంచి గుంట నిండా గ్రీజు కూరి, ఆ కన్నంలో సరిగ్గా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాడు. గ్రీజు ఎటూ పోలేక బుష్షునే పైకి నెట్టింది. ఓరి నాయనో!

తర్వాత కొత్త బుష్షులో నూనె పోసి, రెండువైపులా వేళ్లతో మూసి గట్టిగా నొక్కాడు. లోహపు గోడలో కంటికి కనపడని రంధ్రాల్లోంచి నూనె చెమటలా పొటమరించింది. కళ్లారా చూడకపోతే ఛస్తే నమ్మేవాణ్ణి కాదు.

"నూనె తాగని బుష్షు నాలుగు రోజులకే కీచుమంటుంది," అంటూ దాన్ని బొటనవేలితో తడిమి, గుంటలో తిన్నగా దిగ్గొట్టాడు.

మోటారు బండికి బిగించి కీ తిప్పాను. వ్యాను ఒక్క ఊపున అందుకుంది.

"ఆపి మళ్లీ తిప్పు," అంది పిన్ని, నమ్మకం కుదరక. మళ్లీ అందుకుంది.

అప్పుడు లేచి కొట్టులోకి తొంగి చూసింది. ఎప్పుడు మబ్బు పట్టిందో నేనూ గమనించలేదు, బల్ల దగ్గరంతా మసక చీకటి.

"ఏమయ్యా, లైటు వేసుకోకుండానే చేశావా ఇదంతా?"

బాబాయి తల పైకెత్తాడు. "వేసే ఉందనుకున్నానే."

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోనీలే, కరెంటైనా మిగులుతుంది," అంటూ తాళాన్ని లోపలి గోడ మేకుకి తగిలించింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఆ మేకు ఎక్కడుందో వేళ్లతో తడిమించింది. "రోజూ కొట్టు కట్టేసేటప్పుడు తాళం ఇక్కడే తీసుకో," అంది.