ఎదురుగాలి మాస్టారు

మా వరదానం మాస్టారు గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా నోరు తెరవరు. హైస్కూల్లో మాకు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఇప్పటికీ కండువా కొస ఎత్తి పట్టుకుని, అది ఎటు ఊగితే అటు మనల్ని నిలబెట్టి, అప్పుడు "బాగున్నావా?" అంటారు.

"నేల దగ్గర గాలి మెల్లగా, పైన జోరుగా పోతుందయ్యా. అందుకని గాలికి ఎదురెళ్ళే మాట పైకి వంగి నెత్తిమీంచి పోతుంది. గాలితో వెళ్ళే మాట కిందికి వంగి చెవిలో పడుతుంది."

ఆకివీడు మార్కెట్లో బొచ్చె చేప ధర అడగడానికి గంప చుట్టూ తిరుగుతుంటే అమ్మే ఆవిడ నవ్వేది.

"ఎటునుంచి అడిగినా అదే రేటండి మాస్టారూ."

మార్కెట్టు సంగతి సరే. చర్చి ఆవరణలో ఆయన భార్య దేవకుమారి గారు నడిపే సండేస్కూల్లోనూ ఇదే గోల. కొల్లేరు వైపు నుంచి గాలి మళ్ళితే చాలు, మాస్టారు పిల్లల్ని లేపి బెంచీలు మార్పించేవారు. వాక్యం అప్పజెప్పే పిల్లల్ని ఆపి, "ఎదురుగాలి, గట్టిగా" అనేవారు. తల్లిదండ్రులు విసిగిపోయారు. క్లాసు ఇంకెవరికైనా ఇచ్చేద్దామని కమిటీ పెద్ద ప్రభుదాసు గారు మీటింగు పెట్టారు. సెక్రటరీని నేనే. ఆ క్లాసంటే ఆవిడకు ప్రాణం. అది పోతే ఎలా తట్టుకుంటారోనని నాకు బెంగ.

చర్చి ముందు కుర్చీలు వేసుకున్నాం. ఒకటే ఉక్క. ప్రభుదాసు గారు మెత్తని మనిషి, మెత్తగానే అడిగారు.

"పిల్లలు ఇబ్బంది పడుతున్నారంటున్నారు, మీరేమంటారమ్మా?"

దేవకుమారి గారు చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. మాస్టారు గభాలున లేచారు.

"ఎదురుగాలండి. గట్టిగా అడగండి."

నేను ఆయన కండువా వంక చూశాను. కొస కదల్లేదు. ఎదుట కొబ్బరాకూ కదల్లేదు. మాస్టారు ఫిజిక్సులో అబద్ధం చెప్పగా వినడం అదే మొదటిసారి. ఆయన నావైపు బతిమాలుతున్నట్టు చూశారు. అప్పుడర్థమైంది. ఆవిడకు చెవి మందగించింది. అది ఎవరికీ తెలియకుండా నెపమంతా గాలి మీదికి నెట్టేస్తున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద ప్రేమా పొంగింది.

లేచి గొంతెత్తాను.

"నిజమేనండి, మహా ఎదురుగాలి. అందరూ కేకేసి మాట్లాడండి."

ప్రభుదాసు గారు కొబ్బరిచెట్టు వంక అయోమయంగా చూసి, మళ్ళీ అదే ప్రశ్న అరిచారు. ఆవిడ చకచకా జవాబు చెప్పారు. ఏ పిల్ల ఎక్కడ తడబడుతుందో, ఎవరికి ఏ పాట వచ్చో, అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. వింటున్న తల్లిదండ్రులే మెత్తబడ్డారు. క్లాసు ఆవిడకే ఉంచుతున్నామని కమిటీ ఏకగ్రీవంగా అరిచింది.

వెళుతూ ఆవిడ నన్ను పక్కకు పిలిచారు.

"మీ మాస్టారికి చెవి మందగించిందయ్యా. అందుకే అందరిచేతా అలా అరిపిస్తున్నారు. నొచ్చుకుంటారని నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు."

"అలాగేనండి," అన్నాను, చర్చి గోడకు కూడా వినపడేలా.