వేళకాని కూత

సైరన్ గదిలో ఆ ఉదయం ఉన్నవి ఇవి: గోడకు బిగించిన ఇనప పెట్టె, అందులో పెద్ద గడియారం, ఒక స్టూలు, స్క్రూడ్రైవరు, నూనెడబ్బా, కారుతున్న పైకప్పు కింద బకెట్టు. ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, ఫ్యూజు మావ. అరవైల ఆఖర్లో మా విజయనగరం వైపు మిల్లు ఊళ్లలో చేతిగడియారం కొత్త అల్లుళ్లకు మాత్రమే ఉండేది. మిగతా జనానికి జూట్ మిల్లు సైరనే వేళ. ఒకసారి కూస్తే ఎసరు పెట్టేవారు, మళ్లీ కూస్తే గంజి వార్చేవారు. బొబ్బిలి బస్సు కూడా ఆ సైరన్‌ని బట్టే ఆలస్యంగా వచ్చేది. అలాంటి సైరన్‌కి వేళ మార్చే పని నాకు అప్పగించారంటే ఊరి ఆకలంతా నా చేతిలో పెట్టినట్టే అనుకుని పొంగిపోయాను. (ఇరవై ఒక్కేళ్ల వయసులో పొంగిపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు.)

ఆ ఉద్యోగం నాకు వచ్చిన తీరులో మాత్రం పొంగిపోవలసింది ఏమీ లేదు. అంతకు ముందు ఏడాది మా బావ అదే మిల్లులో మిషను బెల్టులో పడి చనిపోయాడు. మిల్లుకు ఒక పద్ధతి ఉండేది. వేళకు ఒక్కటే కూత. వేళకాని వేళ, ఆగి ఆగి రెండు కూతలు వినిపిస్తే లోపల ఎవరికో ఏదో అయిందని అర్థం. ఆ రెండు కూతలూ విని మా అప్ప, అంటే మా అక్క, చెరుగుతున్న చేటతో సహా గేటు దాకా పరిగెత్తింది. తర్వాత మిల్లువాళ్లు, ఆ ఇంటి నుంచి ఎవరైనా పనిలో చేరితే క్వార్టరు ఖాళీ చెయ్యక్కర్లేదన్నారు. అప్పుడే ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించిన నేను చేరాను. అదీ తాత్కాలికంగానే. నన్ను పర్మనెంటు చేస్తారో ఇంటికి పంపుతారో ఆ నెలాఖరుకు తేలాలి. పంపితే అప్ప, చంటిపిల్లతో, ఆ ఒంటిగది క్వార్టరు వదలాలి. వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. అందుకని బల్బు మార్చడానికి కూడా చేయవలసిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాణ్ణి. అది చూసి హెడ్ ఎలక్ట్రీషియన్ ఫ్యూజు మావ (ఏది చెడినా ‘ఫ్యూజే’ అనడం వల్ల ఆ పేరు), "అన్నం తిన్నప్పుడు కూడా ఇలాగే లెక్కెడతావేట్రా" అనేవాడు.

మేనేజరుగారి ఆజ్ఞ ఒకటే: గడియారం ఆపకూడదు. ఆపితే మిగతా వేళలన్నీ చెడతాయి. ఆ మాట నేను అక్షరాలా పట్టుకున్నాను. పెట్టెలో ప్రతి కూతకీ రెండు చక్రాలు ఉండేవి. ఒకటి గంటలది, ఒకటి నిమిషాలది. గడియారం ఆ రెండు అంకెల దగ్గరికీ చేరిన క్షణాన సైరన్‌కి కరెంటు వెళ్తుంది. పొద్దుటి విరామాన్ని పదీ నలభై అయిదు నుంచి పదకొండూ పదిహేనుకి మార్చాలి. నలభై అయిదుకి ఇంకా అరగంట పైనే ఉంది కదా అని పెట్టె తెరిచి, ముందు నిమిషాల చక్రం పదిహేనుకి తిప్పాను. గంటల చక్రం జనపనార దుమ్ముతో బిగుసుకుపోయి కదల్లేదు. నూనెడబ్బా తీసి దానికి నాలుగు చుక్కలు వేశాను. అప్పుడు ఆ పెట్టెలో ఉన్న వేళ పాతదీ కాదు, కొత్తదీ కాదు. పదీ పదిహేను. గడియారంలోనూ సరిగ్గా అప్పుడే పదీ పదిహేను అయింది.

సైరన్ మా నెత్తిమీదే ఉండేది. ఫ్యూజు మావ నోరు కదలడం కనిపించింది గాని మాట వినిపించలేదు. (‘ఫ్యూజు’ అనే అని ఉంటాడు.) నేను కంగారుగా నిమిషాల చక్రం తోశాను. చేతికి నూనె. అది ఒక్క పన్ను కదిలి, పదహారు మీద ఆగింది. కూత కూడా ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. పదిహేను తర్వాత గడియారంలో వచ్చేది పదహారేనన్న సంగతి, చేతిలో డిప్లొమా ఉండి కూడా, అది వచ్చాకే తట్టింది. రెండో కూత మధ్యలో, సైరన్‌కి వెళ్లే తీగ మీద విడిగా ఉన్న స్విచ్చి కనిపించింది. తీసేశాను. సైరన్ నోరు మూసింది, గడియారం తన మానాన నడుస్తూనే ఉంది. ఆ పని ముందే చేసి ఉంటే రెండు చక్రాలూ తీరిగ్గా మార్చి, సరిచూసుకుని, అప్పుడు స్విచ్చి వేసి ఉండేవాణ్ణి. ఆపవద్దన్నది గడియారాన్నే గాని సైరన్‌ని కాదు.

కాని అప్పటికే రెండు కూతలూ ఊరంతా తిరిగేశాయి. ముసురులో జనం గేటు దగ్గరకి వచ్చిపడ్డారు. ఒకాయన సగం గీసిన గెడ్డంతో వచ్చాడు, మిఠాయి కొట్టాయన జంతికల గొట్టంతో వచ్చాడు. నూలు సెక్షన్‌లో పనిచేసే ఒకతని భార్య గేటు ఊచలు పట్టుకుని, మొగుడి మంచితనాన్ని ఒక్కొక్కటిగా చెప్పి ఏడుస్తోంది. (ఆ మంచితనం సంగతి అంతవరకూ మాకెవరికీ తెలియదు.) అంతలో ఆ మొగుడే టీకొట్టు వైపు నుంచి వచ్చి, ఆమె వెనకే నిలబడి, "ఏటైనాది? ఎవులు పోయారు?" అని అడిగాడు. ఆమె తిరిగి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "డూటీ టయాన బయటేటి సేస్తన్నావు?" అంది. జనం ఏడుపు మధ్యలోనే నవ్వారు.

నవ్వని మనిషి ఒకరున్నారు. అప్ప అందరికీ దూరంగా, బావని బయటికి తెచ్చిన చిన్న తలుపు వైపే చూస్తూ నిలబడింది. చింతపండు పిసుకుతూ లేచి వచ్చినట్టుంది, చేతి మీంచి పులుసు వానలో కారుతోంది. దగ్గరకి వెళ్లి పిలిచాను. ముందు నా కుడి చెయ్యి తడిమింది, తర్వాత ఎడమ చెయ్యి. అప్పుడు, "ఎవులికేటైనాది?" అంది. ఎవరికీ ఏమీ కాలేదని, కూయించింది నేనేనని చెప్పాను. చేతి పులుసు కొంగుకి తుడుచుకుంది.

"ఉజ్జోగం పోతాదేట్రా?"

"పోవచ్చప్పా."

"పోతే పోనీ. ఇంటికొచ్చి అన్నం తిను."

సాయంత్రం మేనేజరుగారి గదిలో ఫ్యూజు మావ, నాకు తెలిసి మొదటిసారి, ఫ్యూజు మీద నెట్టలేదు. ఆ స్విచ్చి సంగతి కుర్రాడికి తనే చెప్పలేదన్నాడు. మేనేజరుగారు నన్ను పంపెయ్యలేదు, పర్మనెంటూ చెయ్యలేదు. ఇంకో ఏడాది తాత్కాలికంగానే ఉంచారు. క్వార్టరు మిగిలింది. పెట్టె మూత లోపల తెల్లరంగుతో నేనే రాశాను: ముందు సైరన్ స్విచ్చి తీయాలి, తర్వాత రెండు చక్రాలూ మార్చాలి, సరిచూడాలి, అప్పుడే స్విచ్చి వేయాలి.

మూత మీద రాయనిది ఒకటుంది. అప్పట్నుంచి వేళ మార్చే ప్రతి రోజూ, ఇంట్లోంచి బయల్దేరే ముందే, ఇవాళ సైరన్ పని ఉంది, ఏది వినిపించినా రావద్దని అప్పకి చెప్పేవాణ్ణి. "నాకెందుకురా సెప్తావు" అనేది ప్రతిసారీ, పని ఆపకుండా. ఇప్పుడు అప్ప లేదు. రిటైరయ్యాక ఇంట్లో గోడగడియారం ముల్లు సరిచెయ్యబోయినా ఆ మాట నోటిదాకా వస్తుంది. చెప్పడానికి ఎవరున్నారని స్టూలు మీద నిలబడి నాలో నేనే నవ్వుకుంటాను.

ఆ మిల్లులో నేను సైరన్ వేళ మార్చింది పన్నెండుసార్లు. అప్పకి చెప్పి మార్చింది పదకొండు.