పెండ్లి కార్డుల కంప్యూటర్ పడిపోయిన రోజు

కరీంనగర్‌ల కంప్యూటర్లు కొత్తగ వచ్చిన ఆ రోజుల్లో, మౌస్ పట్టుకున్న ప్రతోణ్ని జనం డాక్టర్ లెక్క చూసేటోళ్లు. నేను ఆ మర్యాదకు మస్తు అలవాటు పడ్డ. పనిచేసేది మాత్రం పెండ్లి కార్డుల ప్రెస్సుల. మా ఓనర్‌ను అందరం సేఠ్ అనేటోళ్లం (ఉన్నది ఒక్క ప్రెస్సే గని, మాటలు ఫ్యాక్టరీలు నడిపినట్టు ఉండేవి).

లగ్గాల సీజన్. ఇచ్చోడ నుంచి ఒక పెద్దమ్మ తన బిడ్డ పెండ్లి కార్డులు తీస్కపోదామని వచ్చి కూసుంది. పెనిమిటి దుబాయిల ఉండె, పెండ్లి పనంత ఆమె నెత్తి మీదనే. ప్రింటు కొడదామనంగ కరెంటు పోయింది. మల్ల వచ్చినంక కంప్యూటర్ నీలం తెర చూపెట్టి ఆగిపోయింది.

"ఫికర్ చెయ్యకు సేఠ్," అన్న ధీమాగ. "గీ డిస్కు ఏ పని చేసేదున్నా ముందుగాల ఒక పక్కకు గుర్తు రాసుకుంటది. కరెంటు పోయినా గా గుర్తులు చూసుకొని తనే సదురుకుంటది." సదురుకోలే. చెడిపోయినయే ఆ గుర్తులు! ఎదురుంగున్న ఎస్టీడీ బూతుకు ఉరికి హైదరాబాద్ దోస్తుకు ఫోన్ చేసిన. "ముందు డిస్కుకు నకలు తియ్యి. తర్వాత చెడిపోయిన గుర్తులు తీసేసి, డిస్కంత సరిచేసే కమాండు కొట్టు," అన్నడు. ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి అట్లనే చేసిన. ఫైళ్లు వచ్చినయి, వాటి పేర్లు రాలే. అన్నిటికీ ఉత్త నంబర్లే. కొన్నిట్లయితే ఒక కార్డు ముక్క ఇంకో కార్డుల కలిసింది.

ఒక్కొక్కటి తెరుస్తుంటే పెద్దమ్మ నా పక్కకొచ్చి నిలబడ్డది. బిడ్డ పేరు కనబడంగనే "గిదే బిడ్డా, గిదే!" అని సంబురపడ్డది. కిందికి చదివి గుడ్లురిమింది.

"వీడెవడు? నేను సిరిసిల్లల సంబంధం కుదిరిస్తే, నువ్వు మంచిర్యాల పిలగానికి ఇచ్చి చేస్తున్నవా?"

"జర ఆగు అక్కా, గది కంప్యూటర్ తప్పు," అన్నడు సేఠ్.

"కంప్యూటర్‌కు నా బిడ్డ మీద ఏం పగ?"

నేను ఇంకా తెరుచుకుంట పోతే సిరిసిల్ల పిలగాడు దొరికిండు, మంచిర్యాలోళ్ల పిల్ల పక్కన కులాసగ! ఇద్దరినీ విడదీసి ఎవరి జాగల వాళ్లను పెట్టిన. పొద్దుగూకేటాళ్లకు కార్డు అచ్చయింది. పెద్దమ్మ వేలు పెట్టుకుంట చదివి, అల్లుని పేరు కాడ జరసేపు ఆగి, అప్పుడు నవ్వింది. "పెండ్లికి రాకుంటే చూడు," అని నాకూ ఒక కార్డు ఇచ్చింది.

పోయిన. పందిట్ల నా రెక్క పట్టి గుంజుకపోయి పెండ్లి పిలగానికి చూపెట్టింది. "అల్లుడా, గీయననే నిన్ను పోగొట్టి, మల్ల దొరకబట్టిండు!" ఆ పిలగాడు ఏం సమజ్ కాక నాకు దండం పెట్టిండు.

ఇప్పుడు నేను చూసుకునే పెద్ద పెద్ద కంప్యూటర్లు పడిపోయినా, చాయ తాగొచ్చేలోపు వాటంతటవే లేస్తున్నయి. మంచిదే. గని ఇన్నేండ్లల్ల ఒక్కరన్న నన్ను పెండ్లికి పిలిచిండ్రా?