వాడేసిన నూనె

మావారు తిరువూరులో కెమిస్ట్రీ లెక్చరరు. వాడేసిన వంటనూనె నుంచి డీజిల్ తియ్యడం మీద పీహెచ్‌డీ చేశారు. నూనెను గాలి తగలకుండా కాచి, ఆ ఆవిరిని ఒక తెల్లటి పొడి గుండా పంపితే పొడవాటి అణువులు తెగి డీజిల్‌లాంటిది దిగుతుంది. దాన్ని క్రాకింగ్ అంటారు. నేనూ బీయస్సీ కెమిస్ట్రీనే కాబట్టి, ఆయన చెబుతుంటే అర్థమయ్యే ఊకొట్టాను.

ల్యాబ్‌లో సామాను బిగించాక తేలిందేమిటంటే, మా ఊళ్లో వాడేసిన నూనె దొరకదు. బస్టాండు దగ్గర బజ్జీల బండాయన వింతగా చూశాడట.

"పారేసే నూనె ఎక్కడిది సార్? అయిపోయేదాకా వాడతాం కదా!"

షేర్ ఆటో ఎక్కి విస్సన్నపేట వెళ్లినా అదే జవాబు. దేశమంతా వృథా అయిపోతోందని థీసిస్ మొదటి అధ్యాయంలో ఈయన బాధపడిన నూనె, మా చుట్టుపక్కల చుక్క కూడా వృథా కావడం లేదు.

ఇక వృథాని మేమే తయారుచెయ్యాల్సి వచ్చింది. కొత్త నూనె డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు.

"నల్లబడేదాకా వేయించు."

ఏ మొగుడూ పెళ్లాన్ని ఇలా అడిగి ఉండడు. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను, థీసిస్‌లో నా పేరుండాలని. మొదటి పేజీలోనే వేస్తానన్నారు.

గారెలు, బజ్జీలు, అప్పడాలు. కొన్నాళ్లకి నా చేతిలో గిన్నె కనిపిస్తే పక్కింటివాళ్లు తలుపేసుకునేవారు. అప్పడాల నూనె వాడిన రోజున పొడి పనిచెయ్యడం మానేసింది. ఆయన తల పట్టుక్కూర్చున్నారు.

"అప్పడాల్లో ఉప్పూ సోడా ఉంటాయి కదండీ, మీ పొడికి అవి పడవేమో. నూనెను వేణ్ణీళ్లతో కడిగి, తేమ పోయేదాకా కాచి చూడండి," అన్నాను.

చూశారు. డీజిల్ దిగింది.

థీసిస్ బైండయి వచ్చింది. మొదటి పేజీలో గైడుకి, ప్రిన్సిపాలుకి, ల్యాబ్ అటెండరుకి, ఆఖరికి చుక్క నూనె ఇవ్వని బజ్జీల బండాయనకి కూడా కృతజ్ఞతలున్నాయి. నేను లేను. వెతగ్గా వెతగ్గా మూడో అధ్యాయంలో దొరికాను. నూనె సేకరించిన చోటు, తిరువూరులోని ఒక హోటల్ అని ఇంగ్లీషులో ఉంది. ఉప్పు సంగతేమో పరిశోధకుడు స్వయంగా కనిపెట్టాడట.

"ఇంట్లో వేయించిందంటే ఎగ్జామినర్లు ఒప్పుకోరు," అని నసిగారు.

కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. అన్ని నెలలు పొయ్యి ముందు నిలబడి నేను అడిగింది ఒక్క పేరు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి వచ్చి, టిఫినేంటని అడిగారు.

"ఇవాళ హోటల్‌కి సెలవండీ, డాక్టరుగారూ."