నిప్పు కనపడ్డాక, గుండు పేలేలోగా

అమెరికాలోని నోవై ఊళ్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నా, పసుపుపచ్చ స్కూలు బస్సు తోలే తెలుగావిడ అంటే చాముండేశ్వరి ఒక్కతే. పామర్రు పక్క పల్లెలో తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. నలభై దాటాక స్టీరింగ్ పట్టుకుంది. పెద్ద బండ్ల లైసెన్సు పరీక్ష మొదటిసారికే గట్టెక్కింది. ఆమె ఇంగ్లీషు విని నవ్విన తల్లిదండ్రుల పిల్లల్నే పద్నాలుగు చలికాలాలు మంచులో క్షేమంగా బడికి చేర్చింది. తెలుగు సంఘంవాళ్లు పిలిచి శాలువా కప్పారు. కప్పుతూ పెద్దాయన పరంధామయ్యగారు, "ఏమ్మా, నీ బస్సుకి బ్రేకులున్నాయా?" అని వేళాకోళమాడితే, "ఉన్నాయి బాబాయిగారూ, మీ నోటికే లేవు" అని మైకులోనే అనేసింది. హాలంతా గొల్లుమంది.

అలాంటి మనిషికి ఈ జనవరిలో దెబ్బ తగిలింది. ఒంటికి కాదు. బస్సు నిండా పిల్లలతో వెళుతుంటే పక్కనే పోతున్న లారీ టైరు బాంబులా పేలింది. చాముండేశ్వరి కళ్లు మూసుకుంది. చేతులు స్టీరింగ్ వదిలేశాయి. రెప్పపాటు కాలమే. బస్సు దారి పక్క మంచుగుట్టను రాసుకుని ఆగింది. పిల్లల్లో ఎవరికీ చిన్న గాటైనా పడలేదు. విచారించినవాళ్లు తప్పంతా టైరుదే అన్నారు. కళ్లు మూసుకున్న సంగతి మాత్రం ఆమెకు తెలుసు కదా. అప్పట్నుంచి ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా భుజాలు ఎగిరిపడేవి. సెలవు పెట్టింది. సోమవారం బండి ఎక్కుతుందో లేదో తేల్చమని డిపో నుంచి కబురొచ్చింది. ఎక్కకపోతే ఆ రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"వదిలేయమ్మా. రిటైర్ అయిపో. నీకేం తక్కువ?" అంది కూతురు భవిత.

"తక్కువేం లేదే. భయపడి దిగిపోయిందన్న మాటే ఎక్కువవుతుంది."

ఈ మాట డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన వెర్నన్ చెవిన పడింది. డెబ్బై దాటిన మనిషి. చెకుముకిరాయితో పేలే పాతకాలం తుపాకి ఒకటి ఉందాయనకు. శనివారాలు క్లబ్బు మైదానంలో దాన్ని కాల్చడం ఆయన సరదా. ఫోన్ చేసి, "చామ్, ఒక్క గుండు కాల్చి చూడు" అన్నాడు. "కొత్త తుపాకి నొక్కగానే పేలుతుంది, భయపడే తీరికే ఉండదు. ఇది అలా కాదు. ముందు నీ ముక్కు దగ్గర మంట లేస్తుంది, ఆ తరవాత పేలుతుంది. ఆ సందులో కళ్లు తెరిచి ఉంచగలిగితే నిన్ను ఏ టైరూ ఏం చేయలేదు."

శనివారం భవితే కార్లో తీసుకెళ్లింది, దారి పొడుగునా సణుగుతూ. మైదానంలో మంచు కరిగి బురదగా ఉంది. వెర్నన్ తుపాకి గొట్టంలో మందు పోశాడు. గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండును పొడుగాటి కర్రతో లోపలికి దిగగొట్టాడు. గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మందు వేశాడు. రాయి ఉక్కుకు కొట్టుకుంటే ఈ గిన్నెలో మందు అంటుకుంటుంది, ఆ మంట సన్నటి బెజ్జంలోంచి లోపలి మందుకు చేరుతుంది.

"ఒకటే రూల్. పేలకపోతే కదలొద్దు. ఒక్కోసారి నిప్పు లోపల దాక్కుని ఆలస్యంగా పేలుతుంది."

కళ్లద్దాలు, చెవులకు మూతలు పెట్టుకుని చాముండేశ్వరి తుపాకిని భుజానికి ఆనించింది. ఎదురుగా కాగితం మీద నల్లటి గుండ్రం. నొక్కింది.

రాయి టక్కుమంది. గిన్నెలో భగ్గున మంట లేచింది. అంతే. చప్పుడు లేదు.

ఆమె ఏం చేసిందో ఆమెకే తెలియదు. తుపాకిని భుజం మీంచి దించి, పొగ చిమ్ముతున్న ఆ గిన్నె మీదికి వంగింది. పెదాలు సున్నాలా చుట్టింది.

"కదలకు!" వెర్నన్ గట్టిగా అరిచాడు. "తల ఎత్తు. గొట్టం అటే ఉంచు."

రాతిబొమ్మలా ఆగింది. ఆయన వెనక నుంచి వచ్చి, గొట్టం పక్కకు జరగకుండా తన చేతిని ఆమె చేతికింద పెట్టాడు. భవిత నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తియ్యలేదు. నిప్పు చచ్చిందని నమ్మకం కుదిరేదాకా అలాగే నిలబడ్డారు.

"ఏం చేస్తున్నావసలు?" అన్నాడాయన.

"ఊదబోయాను."

"ఊదడమేంటి?"

భవిత ఇంగ్లీషులో చెప్పింది. తడికట్టెల పొయ్యి. మంట ఆరిపోతే వంగి ఊదాలి. అమ్మ చిన్నప్పుడంతా అదే పని. వెర్నన్ నవ్వలేదు. "ఇంకోసారి మొహం దగ్గరికి తెస్తే తుపాకి ముట్టనివ్వను" అని, సన్నటి తీగతో బెజ్జం పొడిచి శుభ్రం చేశాడు.

"అమ్మా, చాలు, పద. మంట లేచినప్పుడు నీ కళ్లు తెరిచే ఉన్నాయి, నేను చూశాను" అంది భవిత.

"చప్పుడు కాలేదుగా" అంది చాముండేశ్వరి. "నేను జడిసింది మంటకి కాదు."

గిన్నెలో మళ్లీ మందు పడింది. ఈసారి ఒళ్లంతా భయమే. ఇందాకటి పెదాలు, ఆ పొగ, ఆ క్షణంలో పేలి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు బాగా తెలుసు. ఊపిరి బిగబట్టింది. నల్ల గుండ్రం తప్ప ఇంకేమీ చూడనని మొండికేసింది. నొక్కింది.

మంట లేచింది. ఆగింది. ఆ ఆగిన సందు ఆమెకు ఏడాదంత పొడుగనిపించింది. అప్పుడు పేలింది. భుజం వెనక్కి కొట్టుకుంది, తెల్లటి పొగ కమ్మేసింది, గంధకం వాసన గొంతులోకి దిగింది.

పొగ విడిపోయాక చూస్తే కాగితం కింది అంచున చిన్న చిల్లు. గుండ్రానికి చాలా దూరం. వెర్నన్ కాగితం వంక చూడనే లేదు.

"కళ్లు?"

"గొట్టం చివర నిప్పు నాలుక బయటికొచ్చింది, ఎర్రగా. ఆ మీదట పొగ. మూసుకుంటే కనపడేదా?"

"సరే, ఇక వదులు చామ్" అన్నాడాయన తుపాకి అందుకోబోతూ. వేళ్లు రాలేదు. ఒక్కొక్కటే ఆయనే విప్పాల్సొచ్చింది.

తిరుగుదారిలో వెనక బండివాడు ఉన్నట్టుండి హారన్ కొట్టాడు. చాముండేశ్వరి భుజాలు ఎగిరిపడ్డాయి. భవిత చూసింది.

"ఏం తగ్గింది మరి? అలాగే జంప్ చేస్తున్నావ్."

"భుజాలు ఎగిరితే ఎగరనీవే. కళ్లూ చేతులూ నా మాట వింటే చాలు."

డిపోకి ఫోన్ కలిపింది. ఎవరూ ఎత్తలేదు. మెసేజి పెట్టమంటే, తనకు వచ్చిన ఇంగ్లీషులోనే, ఒక్కో మాటా నొక్కి చెప్పింది. సోమవారం వస్తున్నాను, నా బస్సు తాళాలు ఎవరికీ ఇవ్వకండి అని.