ఫోటో మడతలో పొట్టి

2008 నవంబరు 2, ఆదివారం, సాయంత్రం నాలుగుంపావు. (గడియారాలు ఆ ఉదయమే గంట వెనక్కి తిప్పారు కనుక నా ఒంటికి మాత్రం అయిదుంపావు.) పద్ధతి ప్రకారం చేస్తే ఏ పనీ చెడదని గట్టిగా నమ్మిన కాలం అది. నా వయసు అరవై ఒకటి. ఇప్పుడు వెనక్కి చూస్తే పడుచుదనమే.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి పక్కింట్లో ఒక మెక్సికో ఆవిడ ఉండేది. ఏటా ఆ రోజున పోయినవాళ్ళ ఫోటోలు మెట్లుమెట్లుగా బల్ల మీద పేర్చి, బంతిపూలు పోసి, కొవ్వొత్తులు వెలిగించి, వాళ్ళకిష్టమైనవన్నీ వండి పెట్టేది. మన తద్దినంలాంటిదే, కాకపోతే పాటలుంటాయి, ఎవరూ పస్తుండరు. మావారు పోయి మూడేళ్ళయిందని తెలిసి నన్నూ ఒక ఫోటో తెమ్మంది, ఇంటికొచ్చిన చుట్టాలనూ తీసుకురమ్మంది. చుట్టాలంటే మా పొట్టి, దాని భర్త. గుంటూరు హాస్టల్లో నాలుగేళ్ళు నాతో ఒకే గదిలో ఉండి, నాకు 'లెక్కలు' అని పేరు పెట్టిన మనిషి, నార్త్ కరోలినాలోని క్యారీ నుంచి వచ్చింది. పై వారం సోమవారం, పదో తేదీన, దానికి గుండె వాల్వ్ ఆపరేషన్. "ఎందుకో ముందొకసారి నిన్ను చూడాలనిపించిందే," అంది కారు దిగుతూనే. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

మావారు నవ్వుతున్న ఫోటో ఉన్నది ఒక్కటే. మధ్యలో ఆయన, ఎడమ పక్క నేను, కుడి పక్క పొట్టి. "అమ్మమ్మా, అలైవ్ ఉన్నవాళ్ళది పెట్టద్దంట. బ్యాడ్ లక్ అంట, ఆంటీ చెప్పింది," అని మనవరాలు ముందే హెచ్చరించింది. అది మనకొకరు చెప్పాలా? బతికున్న మనిషి ఫోటోకి దండ వేస్తే ఏ ఇంట్లో ఊరుకుంటారు? అలాగని కత్తిరించడానికి చెయ్యి రాలేదు. స్కేలు పెట్టి, రెండు పక్కలా వెనక్కి మడిచి, గోటితో గట్టిగా నొక్కి, ఆయన ఒక్కరే కనిపించేలా చేశాను. మందమైపోయి ఫ్రేములో పట్టలేదు. అందుకని ఆయన కోసం తీసుకెళ్ళిన కాఫీ గ్లాసుకి ఆనించి నిలబెట్టాను. (ఆ మడత చూసుకుని కాస్త గర్వపడ్డాను కూడా.)

అరగంట గడిచింది. కొవ్వొత్తుల వేడికి కుడి మడత మెల్లగా విచ్చుకోవడం మొదలైంది. మొదట పొట్టి భుజం కనిపించింది. తరువాత చెవికమ్మ. అసలు పొట్టి నా పక్కనే సోఫాలో కూర్చుని చాక్లెట్ పాలు తాగుతోంది. దాని భర్త, నేను అన్నయ్యగారు అని పిలిచే పెద్దమనిషి, పోయినవాళ్ళ కోసం పెట్టిన తీపి రొట్టెల పక్కన అనుమానాస్పదంగా నిలబడి ఉన్నారు.

"అటు చూడవే, కిటికీలోంచి," అన్నాను.

"ఏముంది?"

"కారు."

"అమెరికాలో నాకు కారు చూపిస్తున్నావా?"

ఈలోగా చెంప కూడా వచ్చేసింది. పూలు సర్దే నెపంతో లేచాను. కుడి మడత నొక్కాను. అది నొక్కితే ఎడమది తెరుచుకుని సూటిగా కొవ్వొత్తి మీదకు వెళ్ళింది. మంట లేచింది. బొటనవేలితో ఆర్పబోయి, వేలు కాల్చుకుని, కాఫీ గ్లాసెత్తి పోశాను. పాట ఆగింది. పక్కింటావిడ గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అన్నయ్యగారు రొట్టె నోటి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. పొట్టి వచ్చి, తడిసిన ఫోటో తీసి, బంతిపూల మధ్య తన మొహాన్ని తను చూసుకుంది.

"ఏమే లెక్కలూ, పదో తేదీ దాకా కూడా ఆగలేకపోయావా?"

నాకు ఏడుపొచ్చింది. "మడిచానే. స్కేలు పెట్టి మరీ మడిచాను."

"సరేలే. కాలింది ఎవరు?"

"నేను."

"మరింకేం? నువ్వు పోయావు, నేను మీ ఆయన పక్కన పళ్ళికిలిస్తూ నిక్షేపంగా ఉన్నాను. ఇంతకంటే మంచి శకునం ఏ పంతులిస్తాడు? హాయిగా వెళ్ళి పడుకుంటా ఆ ఆపరేషన్ బల్ల మీద."

అందరూ నవ్వారు. నా చెయ్యి పట్టుకున్న దాని చెయ్యి మాత్రం మంచులా ఉంది. ఇంటికెళ్ళేదాకా వదల్లేదు.

పదో తేదీ ఉదయం ఆరింటి నుంచి ఫోను పక్కనే కూర్చున్నాను. ఒంటిగంటా నలభైకి అన్నయ్యగారు మాట్లాడారు. "లేచిందమ్మా. లేస్తూనే నిన్నడిగింది. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అని చెప్పమంది." (చెప్పకపోయినా ఆ వారమంతా నేను గుమ్మం దిగలేదు. శకునం దానికి మంచిదైతే నాకేమిటన్న సంగతి అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను.)

పోయినవి: గ్లాసుడు కాఫీ. పక్కింటావిడ లేసు గుడ్డ ఒకటి. నా బొటనవేలి చర్మం కొంచెం. పోయినవాళ్ళ వాటా రొట్టెలు రెండు, అన్నయ్యగారి ఖాతాలో. ఫోటోలో మూడో వంతు, అందులో ముప్పై నాలుగేళ్ళ నేను, కాస్త బాగానే ఉండేదాన్ని. మనుషులు, ఎవరూ లేరు.